ఇల్లు కాపలా కాయకండి, వదినగారూ!

కార్తీకమాసం వచ్చిందంటే మా జగ్గయ్యపేట ఆడవాళ్ళకి ఇంట్లో కాలు నిలవదు. చీకటితోనే లేచి వేదాద్రి వెళ్ళడం, కృష్ణలో మూడు మునకలు వెయ్యడం, అరటిదొప్పలో దీపం వెలిగించి నీళ్ళలో వదలడం, నరసింహస్వామికి దణ్ణం పెట్టుకుని ఇంటికొచ్చి వంటపనిలో పడటం... నా చిన్నప్పటినుంచీ ఇదే వరస. ఏడెనిమిదేళ్ళ వయసులో ఒకసారి మా నాయనమ్మని అడిగాను, ఈ దీపాలన్నీ ఎక్కడికి పోతాయని. "హంసలదీవి దాకా పోతాయే. అక్కడ కృష్ణమ్మ సముద్రంలో కలుస్తుంది" అంది. మధ్యలో బెజవాడ దగ్గర బ్యారేజీ ఉందనీ, దొప్పలో దీపం దాన్ని దాటి పోలేదనీ ఆవిడకి తట్టలేదు. నాకూ తట్టలేదు. నేను వదిలిన దీపం కోసం హంసలదీవిలో నా ఈడు పిల్ల ఎవరో ఎదురుచూస్తూ ఉంటుందనుకునేదాన్ని.

ఈ పేజీలో మనం మామూలుగా అటక సర్దుకోవడం గురించో, ఆవకాయ బూజు పట్టకుండా చూసుకోవడం గురించో మాట్లాడుకుంటూ ఉంటాం. ఈ వారం మాత్రం ఆ దీపాలు చేరే చోట ఉండే ఆడవాళ్ళ గురించి చెప్పాలనిపించింది. ఎందుకంటారా? వాళ్ళలో ఒకావిడ నన్ను నా ఆవకాయ జాడీల దగ్గర్నుంచి లేపి బయటికి పంపింది. లేకపోతే ఈ నాలుగు ముక్కలు రాయడానికి నేను ఉండేదాన్నో లేదో!

మా జగ్గయ్యపేట, నందిగామ వైపంతా మెట్ట. పత్తి, మిరప, కంది పండించుకునే నేలలు. వానలు పడలేదన్నదే ఎప్పుడూ మా ఏడుపు. తుఫాను అంటే మాకు రెండు రోజుల ముసురు, పొయ్యిలోకి తడికట్టెలు, పిల్లలకి పకోడీలు. అంతే! సముద్రం మాకు నూరు మైళ్ళ దూరం. ఇప్పుడంటే జిల్లా ముక్కలై 2022 నుంచి మాది ఎన్టీఆర్ జిల్లా అయింది గానీ, అప్పుడు మేమూ దివిసీమ వాళ్ళూ అంతా ఒకే కృష్ణా జిల్లా. మెట్టవాళ్ళు మెట్టవాళ్ళే, సముద్రం ఒడ్డు వాళ్ళు వాళ్ళే. ఒకే జిల్లా అన్న మాటే గానీ ఒకరి సంగతి ఒకరికి తెలీదు.

నాకు పన్నెండేళ్ళప్పుడు, 1977 నవంబరు 19న, ఆ ఉప్పెన వచ్చింది. శనివారం. కార్తీకమాసమే. జగ్గయ్యపేటలో గాలి గట్టిగా వీచింది, మా పెరట్లో మునగచెట్టు విరిగింది. ఆ చెట్టు పోయిందన్నదే రెండు రోజులు మా అమ్మకి పెద్ద దిగులు. అంతకు వారం ముందే, 12న, నాగపట్నం దగ్గర ఒక తుఫాను తీరం దాటింది కదా, ఇది కూడా ఆ కిందకే ఎటో పోతుందిలే అనుకున్నారు చాలామంది. తీరా అది వచ్చి దివిసీమ మీద పడింది. తీగలు తెగి, రోడ్లు మూసుకుపోయి, అక్కడేం జరిగిందో బయటి ప్రపంచానికి తెలియడానికే రోజులు పట్టింది. తెలిసిన రోజున పేపరు పైకి చదువుతున్న మా నాన్న మధ్యలో ఆపేసి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశారు.

దివిసీమ ఎలా ఉంటుందో తెలియనివారికి ఒక్క మాట. మా వేదాద్రి, ముక్త్యాల మీదుగా వచ్చే కృష్ణ, పులిగడ్డ దగ్గర పాయలుగా చీలిపోతుంది. ఆ పాయలకీ సముద్రానికీ మధ్య మిగిలిన నేలే దివి. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు అక్కడివే. ఇంకా కిందికి పోతే ఎదురుమొండిలాంటి దీవులు. చుట్టూ నీళ్ళు, మధ్యలో ఊరు. ఉప్పు కొనాలన్నా, పురుడు పోసుకోవాలన్నా పడవెక్కాల్సిన ఊళ్ళు. అరచెయ్యి చాపినట్టు బల్లపరుపు నేల. ఎక్కి నిలబడదామంటే మిట్ట అనేది లేదు. అప్పట్లో ఎటు చూసినా తాటాకు ఇళ్ళే.

అలాంటి నేల మీదికి గంటకి 200 కిలోమీటర్లు దాటిన గాలితోపాటు సముద్రం లేచి వచ్చింది. వరద వేరు, ఉప్పెన వేరు. వరద మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. ఉప్పెనకి ఆ ఓపిక ఉండదు. తుఫాను గాలి సముద్రాన్ని ముందుకి తోసుకుంటూ వచ్చి, లోతు తక్కువ తీరానికి రాగానే ఆ నీళ్ళు పోవడానికి దారిలేక గోడలా పైకి లేస్తాయి. ఆ రోజు లేచిన నీటి ఎత్తు 5 మీటర్లు దాటింది. అంటే మన ఇంటి మీద ఇంకో ఇల్లు పెట్టినంత! పదివేల మందికి పైగా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళ పేర్లు అప్పటిదాకా మేం విననే లేదు. తాటిచెట్లు పట్టుకుని వేలాడినవాళ్ళు, గుళ్ళలో, డాబాల మీద తలదాచుకున్నవాళ్ళు మిగిలారు. కోతకొచ్చిన వరి పోయింది, గొడ్డూగోదా పోయింది, బావుల్లో ఉప్పునీళ్ళు మిగిలాయి.

ఎన్టీ రామారావుగారూ, అక్కినేని నాగేశ్వరరావుగారూ విరాళాల కోసం ఊరూరా తిరిగింది అప్పుడే. మా పేటలోనూ కుర్రాళ్ళు రిక్షాకి మైకు కట్టి బట్టలు పోగుచేశారు. మా అమ్మ పెట్టె అడుగునుంచి నాలుగు పాతచీరలు తీసింది. ఒకటి అంచు ఊడింది, ఒకటి నడిమికి చిరిగింది. అరుగు మీద కూచున్న మా నాయనమ్మ వాటిని ఒకసారి విప్పి చూసింది.

"ఏమ్మాయ్, ఇవి వాళ్ళు కట్టుకోడానికా, ఒళ్ళు తుడుచుకోడానికా?"

అమ్మ ముఖం ఎర్రబడింది. "అందరూ ఇవే ఇస్తున్నారు అత్తయ్యా" అంది. నాయనమ్మ ఇంకేమీ అనలేదు. లోపలికి వెళ్ళి, ఆ సంక్రాంతికని కొనిపెట్టుకున్న మడత విప్పని జరీఅంచు చీర తెచ్చి ఆ మూటలో పెట్టింది. నాకు మాత్రం ఆ చిరిగిన చీరలే గుర్తుండిపోయాయి. ఎవరు కట్టుకుని ఉంటారో అని.

ఆ తర్వాత నేను పెళ్ళై నందిగామ అవతల మున్నేటి పక్కనున్న పల్లెకి కాపురానికొచ్చాను. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. 2016లో మా అబ్బాయికి కుదిరిన సంబంధం ఎక్కడిదో తెలుసా? నాగాయలంక అవతల, కృష్ణ పాయల మధ్య ఉన్న లంకపల్లె! పెళ్ళిచూపులకి పడవలో వెళ్ళాం. మా వియ్యపురాలు చాలా నెమ్మదస్తురాలు. పిల్లనిచ్చినవాళ్ళమన్న మొహమాటమో ఏమో, ఎనిమిదేళ్ళలో నా ముందు గట్టిగా ఒక్క మాట మాట్లాడి ఎరగదు. ఫోను చేస్తే "బాగున్నారా వదినగారూ, అన్నయ్యగారు కులాసానా" అంతే. ఉప్పెన మాట నేనెప్పుడు ఎత్తినా, "అప్పుడు నేను చిన్నదాన్నండీ" అని మాట మార్చేసేది.

ఇక 2024 సంగతి. ఆగస్టు 31, అదీ శనివారమే. బంగాళాఖాతంలో వాయుగుండం, అది తీరం దాటింది ఎక్కడో కళింగపట్నం దగ్గర. మాకేం సంబంధం అనుకున్నాం, అలవాటు కొద్దీ. ఆ రాత్రంతా కుండపోత. ఆదివారం తెల్లారేసరికి మున్నేరు పొలాలు దాటి ఊరి మొగలోకి వచ్చేసింది. ఐతవరం దగ్గర హైదరాబాదు-విజయవాడ హైవే మీదే వరద పారింది. గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతింది. జగ్గయ్యపేటలో ఉన్న మా తమ్ముడు నా దగ్గరికి రాలేడు, నేను అటు పోలేను. మెట్టవాళ్ళం, వానకి మొహం వాచినవాళ్ళం, దీవిలో ఉన్నట్టు మిగిలిపోయాం!

మావారు బడి మేడ మీదికి పోదాం పదమన్నారు. నేను కదల్లేదు. ఎలా కదులుతాను చెప్పండి? వేసవిలో పెట్టిన ఆవకాయ, మాగాయ, గోంగూర జాడీలు, ఏడాదికి సరిపడా కొట్టించిన కారం, ఎనిమిది బస్తాల బియ్యం, టీవీ, పరుపులు, కోడలి పెట్టె. అన్నీ వదిలేసి వెడితే? "మీరు వెళ్ళండి, నేను ఇవి అటక మీదికి సర్ది వస్తా" అన్నాను. గుమ్మంలోకి నీళ్ళు వచ్చాయి. నేను స్టూలెక్కి జాడీలు అందుకుంటూనే ఉన్నాను. అప్పుడు మోగింది ఫోను. మా వియ్యపురాలు.

"ఎక్కడున్నారు?"

"ఇంట్లోనే వదినగారూ. సామానంతా..."

"మీ జాడీలు మళ్ళీ పెట్టుకోవచ్చు. ముందు బయటికి నడవండి. ఇల్లు కాపలా కాయకండి, వదినగారూ! మా అమ్మ అట్లా వెనక్కి పోయే మళ్ళీ రాలేదు. మీరు గుమ్మం దాటిందాకా నేను ఫోను పెట్టను."

ఆ గొంతు ఆవిడదేనా అనుకున్నాను. స్టూలు దిగాను. పాసుపుస్తకాలున్న సంచీ ఒక్కటే తీసుకుని, మోకాటి లోతు నీళ్ళలో మావారి చెయ్యి పట్టుకుని బడి దాకా నడిచాను. అంతసేపూ ఆవిడ ఫోనులో ఉంది. గంట గడిచేసరికి అదే దారిలో మనిషి నిలబడలేని ఉరవడి. ఆ రాత్రి మేడ మీద యాభై మందిమి ఉన్నాం. తర్వాత ఇల్లు చూసుకుంటే గోడ మీద నీటి గుర్తు నా భుజం దాకా ఉంది. జాడీల్లో ఒక్కటీ మిగల్లేదు. నేను మిగిలాను!

మర్నాడు, సెప్టెంబరు 2న, ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు పారింది. ఆ బ్యారేజీ కట్టాక ఎన్నడూ చూడనంత ప్రవాహం. ఆ నీళ్ళన్నీ పోవలసింది ఆవిడ లంకల మీదుగానే కదా! నేను భయపడుతూ ఫోను చేశాను. "మేం నిన్ననే నాగాయలంక వచ్చేశామండీ. గేదెల్ని కూడా తోలుకొచ్చాం" అంది, మామూలు నెమ్మది గొంతుతో.

రోడ్లు బాగుపడ్డాక, మూడు వారాలకి, మమ్మల్ని చూడటానికి వచ్చింది. బురద కడిగిన వాకిట్లో ఇద్దరం పీటలేసుకుని కూచున్నాం. అప్పుడు చెప్పింది. 1977లో ఆవిడకి తొమ్మిదేళ్ళు. నాన్న పని మీద అవనిగడ్డ వెళ్ళాడు. గాలి ముదిరేసరికి అమ్మ ముగ్గురు పిల్లల్నీ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క డాబా మీదికి ఎక్కించింది. ఎక్కించాక గుర్తొచ్చింది, చూడిగేదె పలుపు విప్పలేదనీ, పెట్టెలో వెండి కడియాలు ఉండిపోయాయనీ. "తమ్ముడి చెయ్యి వదలకు, ఇప్పుడే వస్తా" అని దిగింది. ఇంతలో సముద్రం వచ్చింది.

"ఆ కడియాలు నా పెళ్ళికని దాచినవి వదినగారూ" అంది. ఇంకేం చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ రోజునుంచీ నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. ఉప్పెనొచ్చినా, వరదొచ్చినా ఇంట్లోంచి అందరికన్నా ఆఖర్న కదిలేది ఎవరు? ఇల్లాలు. పిల్లలు, ముసలివాళ్ళు, గొడ్లు, గింజలు, నగలు... అన్నీ తన బాధ్యతే అని చిన్నప్పటినుంచీ నేర్పారు మనకి. 1991 ఏప్రిల్ 29 రాత్రి బంగ్లాదేశ్ దీవుల మీద పడిన తుఫానులో లక్షా ముప్ఫై వేలకు పైగా పోతే, మగవాళ్ళకన్నా ఆడవాళ్ళే చాలా ఎక్కువమంది. చంకలో బిడ్డ, కాళ్ళకి చుట్టుకునే చీర, మగవాళ్ళు చెప్పందే గడప దాటకూడదన్న కట్టుబాటు... ఇవన్నీ కారణాలేనని తేల్చారు. మనకి కొత్త సంగతా ఇది?

అయితే ఇదంతా తలరాత అని మాత్రం అనకండి. లెక్కలు చూడండి. 1864 నవంబరు 1 రాత్రి బందరుని ముంచిన ఉప్పెనలో 30 వేల మంది పోయారు. 1977లో పదివేలకు పైన. ఆ తర్వాత మచిలీపట్నంలో తుఫానుల్ని పసిగట్టే రాడార్ వచ్చింది, తీరం పొడుగునా తుఫాను షెల్టర్లు కట్టారు, సరుగుడు తోటలు పెంచారు. 1990 మే 9న కృష్ణా తీరానికే మళ్ళీ వచ్చింది, బలంలో 1977 దానికేం తీసిపోని తుఫాను. కానీ ముందుగానే లక్షకు పైగా జనాన్ని ఖాళీ చేయించారు. పోయినవాళ్ళు 967 మంది. ఒక్క ప్రాణమైనా ప్రాణమే, కాదనను. అయినా సముద్రం మారలేదు, గాలి మారలేదు. మారిందల్లా జనం ముందే ఇల్లు వదలడం. అంతే కదూ!

అంచేత మా వియ్యపురాలు చెప్పినవీ, నేను తెలుసుకున్నవీ కొన్ని ఇక్కడ రాస్తున్నాను. కత్తిరించి వంటింటి తలుపుకి అంటించుకోండి.

"ఓడరేవులో ఫలానా నంబరు ప్రమాద సూచిక" అని వార్తల్లో వింటాం, పట్టించుకోం. 1, 2 అంటే తుఫాను ఎక్కడో దూరాన ఉన్నట్టు. 3, 4 అంటే ఈ వైపు వాతావరణం చెడుతున్నట్టు. 5 నుంచి 7 దాకా ప్రమాదం. 8, 9, 10 అంటే మహా ప్రమాదం. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయినట్టు. అంకె పెరిగేదాకా ఆగకండి. అధికారులు కదలమనగానే కదలండి. కడుపుతో ఉన్నవాళ్ళు, బాలింతలు, ముసలివాళ్ళు ముందు వెళ్ళాలి.

హోరుగాలి ఉన్నట్టుండి ఆగిపోయి ఆకాశం తేటపడితే, గండం గడిచిందనుకుని బయటికి రాకండి. అది తుఫాను కన్ను. కాసేపటికి గాలి రెండో వైపునుంచి మళ్ళీ అందుకుంటుంది. సామాను తెచ్చుకుందామని అప్పుడు బయటికొచ్చి పోయినవాళ్ళున్నారు.

వానాకాలం మొదట్లోనే ఒక మూట కట్టి తలుపు పక్కన మేకుకి తగిలించండి. పాసుపుస్తకాలు, రేషన్ కార్డు, ఆధార్ కార్డులు, పిల్లల సర్టిఫికెట్లు రెండు పాలిథీన్ కవర్లలో. రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రలు, టార్చిలైటు, అగ్గిపెట్టె, ఒక తువ్వాలు, మన నెలసరి గుడ్డలు. చివరిది రాయడానికి సిగ్గుపడేదాన్ని ఒకప్పుడు. బడి మేడ మీద ఆడపిల్లల అవస్థ చూశాక సిగ్గు పోయింది.

తినడానికి? పొయ్యి వెలిగించక్కర్లేనివి ఉండాలి. అటుకులు, బెల్లం, పుట్నాలు ఎలాగూ ఉంటాయి. మా మెట్టలో అన్నిటికన్నా మేలైనది పేలపిండి. తొలి ఏకాదశికి ఎటూ చేసుకుంటాం కదా! జొన్నపేలాలు మెత్తగా దంచి జల్లించి, తురిమిన బెల్లం, యాలకుల పొడి కలిపి తడి తగలని డబ్బాలో పెట్టండి. కొంచెం ఎక్కువ చేసి ఆ డబ్బా మూటలో పడేయండి. పిల్లలు పొడిగానే తింటారు, ముసలివాళ్ళకి నీళ్ళలో కలిపి ఇవ్వచ్చు.

కదిలేముందు కరెంటు మెయిను ఆపండి, గ్యాసు కట్టేయండి. పశువుల పలుపులు విప్పేయండి. అదీ నీళ్ళు రాకముందే. కట్టేసిన గొడ్డు ఈదలేదు, విప్పిన గొడ్డు ఎటో అటు బతుకుతుంది. జుట్టు గట్టిగా ముడేసుకోండి. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకోండి, పంజాబీ డ్రెస్సు ఉంటే అదే వేసుకోండి. అత్తగారేమంటారో అని చూడకండి, ఆవిడకీ ఒకటి వేయండి! ఒక్కసారి బయటికొచ్చాక దేనికోసమూ వెనక్కి వెళ్ళకండి. నీళ్ళు తగ్గాక బావిలో బ్లీచింగు పౌడరు కలిపించందే ఆ నీళ్ళు తాగకండి. వరదలో తడిసిన పచ్చళ్ళు, పిండివంటలు ఎంత ప్రాణమైనా పారేయండి.

ఇక ఆఖరి మాట. ఆ రోజు మా వియ్యపురాలు వెళ్ళబోతూ సంచీలోంచి ఒక పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. రెండు చీరలు. మడత విప్పనివి, కొట్టు చీటీ ఇంకా ఉన్నవి.

"ఇప్పుడివి ఎందుకు వదినగారూ, మీదీ నీళ్ళలో మునిగిన ఇల్లే కదా" అన్నాను.

"మాకు అప్పుడు ఎక్కడెక్కడినుంచో మూటలొచ్చాయండీ. అన్నీ చిరుగులే. ఒక మూటలో మాత్రం ఒకే ఒక్క కొత్త చీర ఉంది, జరీ అంచుది. మా పెద్దమ్మ అది తను కట్టుకోకుండా నాకు రెండు పరికిణీలు కుట్టించింది. ఇచ్చేవాళ్ళు కొత్తదే ఇవ్వాలని అప్పుడే అనుకున్నా" అంది.

ఆ చీర మా నాయనమ్మదేనని నేననను. వేలకొద్దీ మూటలు వెళ్ళి ఉంటాయి, ఏది ఎవరిదో ఎవరికి తెలుసు? కానీ వచ్చే కార్తీకంలో వేదాద్రిలో దీపం వదిలేటప్పుడు, అటువైపు ఎదురుచూసే పిల్ల ఎవరో నాకు తెలుసు.